గడప బయటి ప్రింటర్

శుక్రవారం పొద్దుగూకే వేళ మా పాత ప్రింటర్ చచ్చిపోయింది. చావబోతూ ఒక కాగితం కక్కింది. దాని మీద మహేష్ మొహం ఉంది. కళ్ల దాకా ఒక మహేష్, గడ్డం దగ్గర ఇంకో మహేష్, నడుమ తెల్ల పట్టీ.

మహేష్ ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసుకున్నాడు. చందూర్ పక్కన మా ఊళ్లో కబడ్డీ పోటీలు పెట్టే కుర్రాళ్లకు అతనే పెద్ద. ఆదివారం ఆఖరి ఆటలు. ఆడిన ప్రతివాడికీ వాడి ఫొటోతో రంగుల సర్టిఫికెట్ ఇవ్వాలని వాళ్ల ముచ్చట. ఆ పని నా భార్య జ్యోతిరాణి ఒప్పుకుంది.

“వదినె, నా ముక్కు ఏడవోయింది?” అన్నాడు మహేష్.

“కొత్త ప్రింటర్ల ఉంటది నీ ముక్కు. రేపే తెస్త,” అంది జ్యోతి.

“తెస్తవో తేవో. రేపు సాయంత్రం వస్త. ఒక్క సర్టిఫికెట్ మంచిగ తీసి సూపెట్టు. లేకుంటే వర్ని పోయి వేరేటోళ్లకు సెప్తం. పోరగాండ్లు నా పానం తింటున్నరు.”

అతను పోయాక జ్యోతి ఆ చారల కాగితాన్ని మడిచి పొయ్యి దగ్గర పెట్టింది. పెళ్లయిన నాటి నుంచి ఆమె బీడీలు చుట్టింది. రెండేళ్ల కింద బోధన్‌కు బస్సులో పోయి కంప్యూటర్ నేర్చుకుంది. ముందుగదిలో పసుపు సంచులు ఒక పక్కకు జరిపించి బల్ల వేసుకుంది. ల్యాప్‌టాప్ మంచిదే. ప్రింటర్ మాత్రం ఎవరో వాడి వాడి వదిలేసింది. బడి పిల్లల ఫొటోలు కూడా ఇట్లాగే చారలు పడి వచ్చాయి. అప్పటి నుంచి మా ఇంటికి చారల దుకాణం అని పేరు.

“ఇగో, నీకు సెప్తున్న,” అంది నాతో. “గీ కబడ్డీ పని గూడ పోయిందంటే బల్ల అమ్మేస్త. మల్ల బీడీల చాట ఒళ్లె పెట్టుకుంట. మల్ల నన్ను ఎందుకని అడగొద్దు.”

సరే అన్నాను. అన్నాక గుర్తుకొచ్చింది, తెల్లారితే శనివారం.

శనివారం నాడు ఇనుము, నూనె, నల్లటి వస్తువు కొనరాదు. కొన్నా గడప దాటించరాదు. మా వైపు చాలా ఇళ్లల్లో ఉన్న పట్టింపే ఇది. మా అమ్మ హన్మవ్వకు అందరికన్నా ఒక పాలు ఎక్కువ. ఒకసారి నేను శనివారం నాడు బావి మోటరు కొనుక్కొచ్చాను. సోమవారానికి కాలిపోయింది. కరెంటు హెచ్చుతగ్గులకు కాలిందని నాకు తెలుసు. శనికి కాలిందని అమ్మకు తెలుసు.

“ఆదివారం పోయి తెచ్చుకోండ్రి,” అంది అమ్మ.

“ఆదివారం నిజామాబాద్‌ల దుకాన్లు బంద్ ఉంటయి అత్తమ్మా. అయినా ప్రింటర్ల ఇనుమేడిది? ప్లాస్టిక్ డబ్బా అది.”

“నువ్వు ఇప్పి సూసినవా?”

“లేదు.”

“అయితే నేనొచ్చి సూస్త.”

పొద్దున్నే ముగ్గురం మా ట్రాలీ ఆటోలో బయలుదేరాము. కూరగాయలు, వడ్ల సంచులు వేసే బండి అది. ముందు సీటులో ఇద్దరే పడతారు. ముగ్గురం కూర్చున్నాం కాబట్టి గేరు మార్చిన ప్రతిసారీ అమ్మ మోకాలు పక్కకు జరపాల్సి వచ్చింది. వర్ని దాటాక జ్యోతి అడగనే అడిగింది.

“అత్తమ్మా, ఇయ్యాల ఇనుము వద్దంటివి. మరి మనం కూసున్నది ఏంది?”

“దీన్ని బుధవారం కొన్నం,” అంది అమ్మ.

నిజామాబాద్ గాంధీచౌక్ పక్క గల్లీలో మార్కండేయ దుకాణం. కంప్యూటర్లు, ప్రింటర్లు, టీవీలు, మిక్సీలు అన్నీ ఒకే కప్పు కింద. లోపల అడుగు పెట్టగానే అమ్మ నిలబడిపోయింది. గోడంతా టీవీలు. అన్నింట్లోనూ ఒకే ఎర్ర చేప. అన్ని చేపలూ ఒక్కసారే తోక తిప్పాయి.

“గివన్ని ఒక్క తల్లి పిల్లలా?” అంది.

“అవునవ్వా, అన్నిటికి ఒక్కటే వైరు,” అని కుర్చీ జరిపాడు మార్కండేయ. పొట్ట మీద చొక్కా గుండీ నిలవక వదిలేసిన మనిషి. “ఏం సూపెట్టాలె?”

“నల్లగ లేంది. నూనె లేంది. ఇనుము లేంది.”

మార్కండేయ జ్యోతి వైపు చూశాడు. “ప్రింటర్,” అంది జ్యోతి.

“ఓహో, శనివారం గిరాకా!” అని పకపకా నవ్వాడు. “మా దుకాన్ల శనివారం వచ్చినోళ్లు మొత్తం సూస్తరు, మొత్తం ముట్టుకుంటరు, మొత్తం అడుగుతరు. సల్లగ మంచినీళ్లు తాగి, సోమవారం వస్తమని పోతరు.”

“నేను సోమవారం దాక ఆగితే నా దుకాన్ ఆగది సేటూ,” అంది జ్యోతి. “పొద్దుగూకేటాల్లకు ఒక్క కాయితం తీసి సూపెట్టాలె.”

అది విన్నాక మార్కండేయ నవ్వు ఆపి లేచాడు. వరసగా ఉన్న ప్రింటర్లన్నీ నల్లవే. అమ్మ ఒక్కొక్క దాని ముందు నిలబడి వద్దని చెయ్యి ఊపుకుంటూ పోయింది, పెళ్లి చూపుల్లో మేనత్త లాగ. చివరికి పైఅర మీద ఒక తెల్లది కనబడింది. మార్కండేయ స్టూలు ఎక్కాడు. స్టూలు కిర్రుమంది. ఇంకు ట్యాంకుల ప్రింటర్, ఫొటోలు మంచిగా వస్తాయని చెప్తూ దింపాడు.

“రంగు మంచిగుంది,” అంది అమ్మ. “మరి నూనె?”

“నూనె లేదవ్వా. సీసాలల్ల ఇంకుంటది.”

“ఇంకుల నూనె లేదని ఏం నమ్మకం?”

మార్కండేయకు కూడా పట్టుదల వచ్చింది. ఒక గాజు గ్లాసులో నీళ్లు తెప్పించాడు. విప్పి ఉన్న ఎర్ర ఇంకు సీసా తెచ్చి ఒక్క బొట్టు వేశాడు. బొట్టు కిందికి దిగుతూ సన్నని దారాలుగా విడిపోయింది. నూనె అయితే పైన తేలేది. నీలం బొట్టు వేశాడు. అది వెళ్లి ఎర్రదాన్ని పట్టుకుంది. పసుపు బొట్టు వేశాడు. అమ్మ గ్లాసు దగ్గరికి మొహం తెచ్చి ఊపిరి బిగబట్టింది.

“ఇంకో సుక్క,” అంది.

“నమ్మకం కుదరలేదా అవ్వా?”

“కుదిరింది. మంచిగున్నది, ఇంకో సుక్క ఎయ్యి.”

అప్పటికి దుకాణంలో గిరాకీలు మా చుట్టూ చేరారు. ధర్మాబాద్ నుంచి మిక్సీ జారు కోసం వచ్చిన రాధాబాయి అనే ఆమె ముందుకొచ్చింది. “ఆమ్చ్యాకడే శనివారీ మీఠ్ పణ్ ఘేత్ నాహీ,” అని మరాఠీలో అని, మాకు అర్థం కావాలని తెలుగులో మళ్లీ చెప్పింది. “మా దిక్కు శనివారం ఉప్పు గూడ కొనం అక్కా.”

అమ్మ ఆమె చేతిలోకి చూసింది. “ఉప్పు కొనవు, మరి గీ జారు కొన్నవ్? ఇది ఇనుము గాదా?”

“స్టీలు!”

“స్టీలు ఇనుము గాదా?”

“సూదంటురాయి పెట్టు. అంటుకుంటే ఇనుము. అంటుకోకుంటే గాదు. మా అత్త గట్లనే సూస్తది,” అంది రాధాబాయి.

ఆ మాట అందరికీ నచ్చింది. ఎదురుగా స్పీకర్లు బాగుచేసే ఖాజా భాయ్ ఉన్నాడు. పిలిస్తే పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం పట్టుకుని వచ్చాడు. బన్ను అంత ఉంది. ముందు రాధాబాయి జారుకు పెట్టారు. అంటుకోలేదు. రాధాబాయి జారును తల మీదికి ఎత్తి చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టామో ఎవరికీ తెలియదు.

తర్వాత అమ్మే అయస్కాంతం చేతిలోకి తీసుకుంది. మౌసుకు పెట్టింది, అంటుకోలేదు. కాగితం కట్టకు పెట్టింది. పక్కన నిలబడ్డ ఒకాయన కళ్లద్దాలకు కూడా పెట్టి చూసింది. ఆయన కదలకుండా నిలబడ్డాడు. ఇంక ప్రింటర్ వంతు. పై మూతకు పెట్టింది. లేదు. ముందు భాగానికి పెట్టింది. లేదు. జ్యోతి పెదవి కొరుక్కుంటోంది. గోడ మీద చేపలు కూడా ఆగినట్టే అనిపించింది. ఎడమ పక్కకు పెట్టింది. లేదు. మార్కండేయ చెయ్యి గాల్లోకి లేచింది. అమ్మ వెనక్కి తిప్పి కింది మూలకు జరిపింది.

టక్.

“ఇగో!” అంది అమ్మ.

“అరెరె,” అన్నారు అందరూ.

“స్క్రూ అవ్వా! సిన్న స్క్రూ!” అన్నాడు మార్కండేయ.

“సిన్నదైతే ఇనుము గాకుంటవోతదా?”

జ్యోతి వెనక్కి వెళ్లి ఒక ఖాళీ అట్టపెట్టె మీద కూర్చుంది. పెట్టె మెల్లగా దిగబడింది. ఆమె దాంతో పాటే దిగింది గాని లేవలేదు. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. ఇంకో రోజైతే ఆమే ముందు నవ్వేది.

అమ్మ అయస్కాంతం పట్టుకుని కోడల్ని చూసింది. తర్వాత గ్లాసులో రంగు నీళ్లను చూసింది. తర్వాత మార్కండేయను.

“సేటూ, నువ్వు గిది నాకు అమ్మకు,” అంది.

“సరే అవ్వా. సోమవారం రాండ్రి.”

“ఆగు, జర ఇను. అమ్మకు అంటున్న, ఇయ్యకు అంటలేను. కిరాయికియ్యి. ఇయ్యాల నీ వస్తువే. రేపు పొద్దు పొడిచినంక మేం కొన్నట్టు. గప్పుడు నర్సడు ఫోన్ల పైసలు కొడ్తడు.”

జ్యోతి అట్టపెట్టెలోంచి తల పైకెత్తింది. “మరి ఇంట్లకు ఎట్ల తెస్తం అత్తమ్మా?”

“ఇంట్లకు ఎందుకు తెస్తం? ట్రాలీలనే పెట్టుకో. వాకిట్ల ఉంటది బండి. గడప దాటకుంటే సాలు.”

మార్కండేయ తల గోక్కున్నాడు. ఇంత కాలంలో ఇట్లాంటి బేరం చూడలేదన్నాడు. నా వైపు తిరిగి, “నర్సన్నా, మరి నువ్వేమంటవ్?” అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే ఖాజా భాయ్ అందుకున్నాడు. “ఆయన ఏమంటడు సేటూ! వచ్చినకాంచి సూస్తున్న, ఆయన నోటికి గూడ శనివారమే.”

దుకాణం మొత్తం నవ్వింది. జ్యోతి కూడా నవ్వింది. నవ్వుతూ లేవబోతే పెట్టె ఆమెతో పాటే లేచింది. రాధాబాయి పట్టుకుని లాగితే వదిలింది.

ఇంకు సీసాలు, మందం కాగితాలు, వైరు అన్నీ అట్టపెట్టెలో సర్దుతున్నారు. నల్ల ఇంకు సీసాను అమ్మ చూడకుండా జ్యోతి అడుగున పెట్టింది. చూసే తీరిక అమ్మకు లేదు. ఆమె అటు మూలన ఒక పాటల డబ్బా దగ్గర ఉంది. అరచేతిలో పట్టేంత పచ్చ డబ్బా. మీట నొక్కితే చాలు, బతుకమ్మ పాటలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మేము తిరిగి చూసేసరికి ఆమె కొంగు ముడి విప్పడం, పైసలు ఇవ్వడం, డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం అన్నీ అయిపోయాయి.

ఖాజా భాయ్ తన అయస్కాంతం తీసుకుని పోతూ ఆమె పక్క నుంచి నడిచాడు. చేతిలోది ఒక్క ఎగురు ఎగిరి పాటల డబ్బాకు కరుచుకుంది.

టక్.

పాట ఆగలేదు. మిగతా అందరం ఆగిపోయాం.

“అవ్వా,” అన్నాడు ఖాజా మెల్లగా. “నువ్వు శనివారం ఇనుము కొన్నవ్.”

అమ్మ అయస్కాంతాన్ని చూసింది. డబ్బాను చూసింది. రెండు చేతులతో పీకి అయస్కాంతాన్ని అతని చేతిలో పెట్టింది.

“ఇది ఇనుము గాదు,” అంది. “పాట.”

మార్కండేయ నవ్వలేక బల్ల పట్టుకున్నాడు. చొక్కాకు మిగిలిన గుండీ కూడా ఊడి రాధాబాయి జారులో పడింది. “దీన్ని గూడ కిరాయికి రాద్దామా అవ్వా?” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

“నాకేం కిరాయి అక్కరలేదు. కొన్న. అయిపోయింది,” అంది అమ్మ. డబ్బాను కొంగు కింద దాచుకుంది. కొంగు కింది నుంచి పాట వస్తూనే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు అమ్మ ముందు కూర్చోనంది. వెనక ట్రాలీలో అట్టపెట్టె పక్కన ఒక గోనె పరుచుకుని, పెట్టె మీద చెయ్యి వేసి కూర్చుంది. నగరం దాటాక వరి పొలాలు మొదలయ్యాయి. వర్ని దగ్గర టీ కోసం ఆపాను. పాటల డబ్బా ఊగిపోతోంది. హోటల్ ముందు కూర్చున్నవాళ్లు ట్రాలీ చుట్టూ చేరారు.

“ఏమవ్వా, పెండ్లా?” అన్నాడొకాయన.

“కొత్తకోడల్ని తోల్కపోతున్నం,” అంది అమ్మ పెట్టెను తడుతూ.

“ఏ ఊరి పిల్ల?”

“నిజామాబాద్. తెల్లగుంటది. ఇయ్యాల మాత్రం గడప దాటది.”

“ఎందుకట్ల?”

“ఇంకా పైసలియ్యలే.”

ముందు సీట్లో జ్యోతి టీ మింగలేక బయటికి ఊసి నవ్వింది.

ఇంటికి వచ్చేసరికి ఎండ వాలింది. ట్రాలీని వాకిట్లో నిలిపాను. జ్యోతి చెప్పులు విడిచి పైకెక్కింది. రెండు వడ్ల సంచులు ఒకదాని పక్కన ఒకటి వేసి వాటి మీద పలక పరిచింది. దాని మీద ప్రింటర్, ఒళ్లో ల్యాప్‌టాప్. వైరు కిటికీలోంచి బయటికి లాగాము. దానికి అమ్మ అభ్యంతరం చెప్పలేదు. కరెంటు బయటికి పోతోంది గాని ఇనుము లోపలికి రావడం లేదు కదా అంది.

జ్యోతి ఇంకు పోసింది. ఎర్ర, నీలం, పసుపు, చివరికి నల్లది. మీట నొక్కింది. ప్రింటర్ లోపల ఏదో గుడగుడమంది. తర్వాత గీరింది. తర్వాత మూలిగింది.

“గిదేంది, పురిటి నొప్పులా?” అంది అమ్మ.

“మొదటిసారి ఇంకు లోపలికి గుంజుకుంటది అత్తమ్మా. జర సేపు పడుతది.”

అది అయిపోయేసరికి మహేష్ వచ్చాడు. ఒక్కడే కాదు, వెనక కబడ్డీ జట్టు మొత్తం. నిక్కర్ల మీద, మోకాళ్లకు మట్టితో ఉన్నారు. ట్రాలీలో దుకాణం చూసి ముందు ఆగారు. తర్వాత పక్క పలకల మీదికి మోచేతులు పెట్టి వేలాడారు.

“ఇంట్ల జాగ లేదా వదినె?” అన్నాడు మహేష్.

“ఇయ్యాల శనివారం,” అంది జ్యోతి. దాంతో అందరికీ అర్థమైంది. ఇంకేమీ అడగలేదు.

సర్టిఫికెట్ నమూనా తెర మీద ఉంది. జ్యోతి ప్రింట్ నొక్కింది. కాగితం సగం లోపలికి వెళ్లింది. సరిగ్గా అప్పుడే పడమటి నుంచి ఒక్క గాలి లేచింది. వాకిట్లో దుమ్ము సుడి తిరిగింది. వీధి చివర ఏదో టప్పుమంది. ఇంట్లో ఫ్యాను ఆగింది. ప్రింటర్ పచ్చ దీపం ఆరిపోయింది.

పాటల డబ్బా ఒక్కటే పాడుతోంది.

అమ్మ దాన్ని గబుక్కున ఆపేసింది. ఆమె మొహం తెల్లబోయింది. “నాదే తప్పు,” అంది మెల్లగా. “నేను కొన్న గీ పాట, గదే...”

ఎవరూ నవ్వలేదు. మహేష్ ఫోన్ చేసి కనుక్కున్నాడు. తీగ తెగిందట, కరెంటు ఎప్పుడు వస్తుందో చెప్పలేమన్నారు. అతను చెప్పుతో నేల గీస్తూ నిలబడ్డాడు.

“వదినె, ఏమనుకోకు. పొద్దు గూకకముందే వర్ని పోతే వాళ్లు రాత్రంత కూసొని తీసిస్తమన్నరు. నీకు ఇంకోపారి ఇస్త పని.”

జ్యోతి ల్యాప్‌టాప్ మూత మీద చెయ్యి పెట్టింది. మూయబోయి ఆగింది. ఊరి బయట పాత చెరకు తూకం జాగలో కబడ్డీ బరి వేశారు. ఒకప్పుడు బోధన్ ఫ్యాక్టరీకి పోయే చెరకు బండ్లు అక్కడే వరస కట్టేవి. అక్కడి నుంచి మైకు వినబడుతోంది. ఎవడో హలో హలో అని పరీక్ష చేస్తున్నాడు.

“మహేష్, కరెంటు లేదుగదా. మైకు ఎట్ల మోగుతున్నది?” అంది.

“జనరేటర్ పెట్టినం గద.”

జ్యోతి నన్ను చూసింది. నేను అప్పటికే బండి తాళం తీశాను.

అప్పుడు తెలిసింది అసలు కష్టం. ట్యాంకుల నిండా ఇంకు ఉంది. నింపాక కదిలించకూడదని, ఒరిగితే లోపల కారి పాడవుతుందని మార్కండేయ ఒకటికి రెండు సార్లు చెప్పాడు. మా వీధిలో గుంత లేని చోటు లేదు. జ్యోతి ప్రింటర్‌ను రెండు చేతులతో పట్టుకుని చూసింది. కొద్దిగా పైకి లేపింది. ట్యాంకులో ఎర్ర ఇంకు అంచు దాకా ఊగింది.

“జరుగు,” అంది అమ్మ.

చీర కుచ్చిళ్లు దోపుకుని ట్రాలీ ఎక్కింది. మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. “నా ఒళ్లె పెట్టు.”

“అత్తమ్మా, ఇనుము...”

“పెట్టమంటున్న. నలభై ఏండ్లు వాగు నుంచి నిండు బిందె మోసిన. ఒక్క సుక్క వలుకలే.”

ప్రింటర్ అమ్మ ఒళ్లోకి వెళ్లింది. ఆమె దాన్ని రెండు చేతులతో చుట్టుకుని, కళ్లు ముందుకు పెట్టి, వెన్ను నిటారుగా చేసింది. నేను మొదటి గేరులో వదిలాను. జట్టు కుర్రాళ్లు అటు ఇటు నడుస్తూ ట్రాలీని పట్టుకున్నారు. గుంత వచ్చినప్పుడల్లా “ఆగన్నా!” అని అరుస్తారు. నేను ఆపుతాను. వాళ్లు వెనక భాగాన్ని కొంచెం పైకి లేపుతారు. బండి గుంత దాటుతుంది. అమ్మ నడుము మీది నుంచి అటు వంగుతుంది, ఇటు వంగుతుంది. ప్రింటర్ మాత్రం నిలబడ్డ నీళ్లలాగ ఉంది.

వీధిలో ఆడవాళ్లు బీడీల చాటలు పక్కన పెట్టి అరుగుల మీది నుంచి లేచారు. పక్కింటి దేవవ్వ వెంట నడుస్తూ అరిచింది. “ఓ హన్మవ్వా! శనివారం పూట ఒళ్లె ఇనుము పెట్టుకున్నవేందే!”

“నోరు ముయ్యవే! సిరా వలుకుతది!” అంది అమ్మ, తల తిప్పకుండా.

కుర్రాళ్లలో ఒకడు “కబడ్డీ కబడ్డీ” అని అడుగులకు తాళం మొదలుపెట్టాడు. మిగతావాళ్లు అందుకున్నారు. పిల్లలు చేరారు. దేవవ్వ కూడా అనడం మొదలుపెట్టింది. బరి దాకా ఊరు మొత్తం ఒక్క ఊపిరి మీద వచ్చినట్టుంది.

జనరేటర్‌కు వైరు తగిలించారు. పచ్చ దీపం వెలిగింది. జ్యోతి ట్యాంకులు చూసింది. ఒలకలేదు. ప్రింటర్‌ను అమ్మ ఒళ్లోంచి దింపబోతే అమ్మ వదల్లేదు.

“గిట్లనే తియ్యి. మల్ల జరిపితే ఏమైతదో.”

“ఫొటో ఎవరిది పెట్టాలె?” అంది జ్యోతి.

మహేష్ అటు ఇటు చూశాడు. కుర్రాళ్లందరూ దుమ్ములో ఉన్నారు. అతని చూపు అమ్మ మీద ఆగింది. ఒళ్లో ప్రింటర్, చెదిరిన జుట్టు, బిగించిన దవడ. “అవ్వదే కొట్టు వదినె,” అన్నాడు.

జ్యోతి ఫోన్‌తో ఫొటో తీసింది. మీటలు నొక్కింది. అమ్మ ఒళ్లో ప్రింటర్ గుర్రుమంది. అమ్మ ఉలిక్కిపడి కూడా కదల్లేదు. కాగితం మెల్లగా బయటికొచ్చింది. ముందు బంగారు అంచు, తర్వాత మా ఊరి పేరు, తర్వాత అమ్మ నుదురు, కళ్లు, ముక్కు, గడ్డం. అన్నీ ఒక్క మనిషివే. ఎక్కడా చార లేదు. కింద ఎర్ర అక్షరాలు: ఉత్తమ రైడర్, శ్రీమతి హన్మవ్వ.

మహేష్ కాగితాన్ని పైకెత్తి బరి చుట్టూ తిరిగాడు. మైకు పట్టుకున్నవాడు ఆపకుండా చదివాడు. ఉత్తమ రైడర్ హన్మవ్వ, ఉత్తమ రైడర్ హన్మవ్వ. పక్క ఊరి జట్టు ఆమె ఏ జట్టులో ఆడుతుందని అడిగింది.

“నేను ఆడలేదు గని, సర్టిఫికెట్ వాపస్ ఇయ్య,” అంది అమ్మ.

మహేష్ తిరిగి వచ్చి ట్రాలీ పలక మీద చెయ్యి వేశాడు. “వదినె, వర్ని పోను. రేపు ఈ బండి ఇక్కడ్నే ఉండాలె. ఆట అయిన కాడ్నే ఫొటో, ఫొటో అయిన కాడ్నే సర్టిఫికెట్. ఇంట్ల కూసుంటే గాదు.”

జ్యోతి తల ఊపింది. అమ్మ కొంగుతో మొహం తుడుచుకున్నట్టు చేసి పక్కకు తిరిగి ముక్కు చీదింది.

ఆదివారం పొద్దు పొడవగానే మార్కండేయకు పైసలు పంపాము. పది గంటలకు ట్రాలీ బరి పక్కన ఉంది. గెలిచినవాళ్లు వరసలో నిలబడ్డారు. ఓడినవాళ్లు అంతకన్నా ముందే నిలబడ్డారు. రిఫరీ తనకొకటి కావాలన్నాడు. చెరకు రసం బండి ఆయన తనకు కూడా కావాలన్నాడు. ఏం రాయాలి అని జ్యోతి అడిగితే, ఆడినవాళ్లందరికీ రసం పోశానని రాయమన్నాడు. రాసింది. ఆయన దాన్ని గ్లాసుల పైన వేలాడదీసుకున్నాడు. జ్యోతి వేళ్లకు ఎర్ర, నీలం, పసుపు అంటుకున్నాయి. ఎవరి చేతిలో కాగితం పెట్టినా ముందు ఫొటోలో ముక్కు చూసుకుంటున్నారు.

సాయంత్రం పక్క ఊరి జట్టువాళ్లు వచ్చారు. వచ్చే వారం నవీపేట్ దగ్గర పోటీలు ఉన్నాయట. వాళ్ల పెద్ద నా దగ్గరికి వచ్చి, “అన్నా, ఈ ప్రింటర్ బండికి ఫోన్ ఎవలికి సెయ్యాలె?” అన్నాడు. నేను ట్రాలీ మీదికి చెయ్యి చూపించాను.

జ్యోతి కాగితాల మధ్య నుంచి తల ఎత్తి తన నంబరు చెప్పింది. అతను తన ఫోన్‌లో ఒక అంకె తప్పు కొట్టాడు. ఆమె ఫోన్ లాక్కుని తనే కొట్టి, పేరు కూడా తనే పెట్టి ఇచ్చింది.